ఉప్పు వెంట నీరు

(కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతపు తెలుగువారి సభలో చేసిన యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా పరుచుకున్న ఈ కరిసల్ నల్లరేగడి నేలలో తరతరాలుగా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పక్కనే ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఇక్కడి తెలుగు కుటుంబాల బతుకును తమిళ నవలలుగా రాసి, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. కథ, పాట, సామెత అన్నీ ఇక్కడి తెలుగులో ఉన్నాయి. సైన్సు మాత్రం ఈ తెలుగులో పెద్దగా వినపడదు. సుబ్బారావు గారి పేరున జరిగే సభలో, మీరు ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే కణం గురించి చెప్పమన్నారు. నాకు అంతకన్నా సంతోషం లేదు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. 1922లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో పనిచేశారు, 1940 నుంచి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపారు, 1948 ఆగస్టులో 53 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన జీవితంలో నా మనసులోంచి పోని సంగతి ఒకటుంది. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బు ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు.

స్ప్రూ వచ్చినవాడు అన్నం తింటాడు. తిన్నది ఒంటికి పట్టదు. మనిషి చిక్కిపోతాడు, రక్తం తగ్గిపోతుంది, విరేచనాలు ఆగవు. మింగింది పేగులోకి చేరగానే ఒంట్లోకి చేరిందని మనం అనుకుంటాం. శరీరం లెక్కలో పేగు గొట్టం లోపలి ఖాళీ ఇంకా బయటి ప్రపంచమే. అందులోని అన్నం, నీళ్లు, ఉప్పు పేగు గోడలోని కణాల పొరను దాటినప్పుడే మనవవుతాయి. ఆ దాటడం ఎలా జరుగుతుందన్నదే ఇవాళ్టి నా విషయం.

ప్రతి కణం చుట్టూ కణత్వచం అనే పొర ఉంటుంది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఏడెనిమిది భాగాల మందం. 1925లో హాలండ్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వును తీసి నీటి మీద ఒక్క అణువు మందాన పరిచి చూశారు. అది కణాల ఉపరితలానికి సుమారు రెండింతలు వచ్చింది. అంటే పొర రెండు వరసల కొవ్వు. నూనెకు నీళ్లంటే పడదు కాబట్టి నీటిలో కరిగే పదార్థాలకు ఈ పొర గట్టి అడ్డు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అడ్డం లేకుండా జారిపోతాయి. ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి వాటంతటవే పోతాయి, దాన్నే విసరణ అంటాం. కానీ గ్లూకోజు దాటలేదు. ఉప్పులోని సోడియం అయాను అసలే దాటలేదు. వీటికి పొరలో గుచ్చుకుని ఉన్న ప్రోటీన్లే దారి.

నీటి సంగతి వేరు. ఈ నేలలో పుట్టినవాళ్లకు నీటి కథ చెప్పక్కర్లేదు. ఏడాదికి 700 మిల్లీమీటర్లు అటూ ఇటూ వాన, అందులో ఎక్కువ భాగం ఐప్పసి, కార్తీక నెలల్లోనే. అయినా ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోమని మిమ్మల్ని అడుగుతాను. ఒంట్లో గానీ మొక్కలో గానీ నీటిని నేరుగా తోడిపోసే పంపు ఏ కణంలోనూ ఇప్పటిదాకా దొరకలేదు. కణం ఉప్పును జరుపుతుంది, చక్కెరను జరుపుతుంది. నీరు వాటి వెంట పోతుంది.

చల్లమిరపకాయలు పెట్టేటప్పుడు చూడండి. కాయకు గాటు పెట్టి, ఉప్పు కలిపిన మజ్జిగలో వేస్తాం. మర్నాటికి కాయ మెత్తబడి ముడతలు పడుతుంది, గిన్నెలో ద్రవం పెరుగుతుంది. కాయలోంచి ఆ నీటిని ఎవరూ పిండలేదు. బయట ఉప్పు ఎక్కువైంది, లోపలి నీరు పొర దాటి ఉప్పు వైపు నడిచింది. ఇది ద్రవాభిసరణ. సెలైన్ సీసాలో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఎందుకు కలుపుతారో కూడా దీంతోనే తెలుస్తుంది. ఉప్పులేని నీళ్లను రక్తనాళంలోకి ఎక్కిస్తే నీరు ఎర్ర రక్తకణాల్లోకి చొరబడి అవి ఉబ్బి పగిలిపోతాయి.

నీరు కొవ్వు పొరలోంచి కొద్దికొద్దిగా ఊరుతుందని చాలాకాలంగా తెలుసు. మూత్రపిండంలోనూ ఎర్ర రక్తకణంలోనూ అది పోయే వేగానికి ఆ ఊట చాలదు. వేరే దారి ఉండాలి. అమెరికాలో పీటర్ ఏగ్రే, రక్తకణాల పొరలో తమకు అనుకోకుండా దొరికిన ఒక ప్రోటీన్ ఆ దారేమోనని అనుమానించారు. కప్ప గుడ్డు పొరకు నీరు అంత తేలిగ్గా పట్టదు. ఆ ప్రోటీన్ తయారు చేసే ఆర్‌ఎన్‌ఏను కప్ప గుడ్లలోకి ఎక్కించి, కొన్నాళ్లాగి ఉప్పు బాగా తక్కువున్న నీళ్లలో వేశారు. మామూలు గుడ్లు అలాగే ఉన్నాయి. ఎక్కించిన గుడ్లు నిమిషాల్లో ఉబ్బి పగిలిపోయాయి. 1992లో ఆ ఫలితం ప్రకటించారు, 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ప్రోటీన్ పేరు ఆక్వాపోరిన్. ఒక్క గొట్టంలోంచి సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు వరసగా పోతాయి. అంత రద్దీలోనూ ఒక్క ప్రోటాన్ కూడా జారదు. నాకు ఇది చదివిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది. ఆక్వాపోరిన్ మాత్రం దారి ఒక్కటే ఇస్తుంది. ఎటు పోవాలో నిర్ణయించేది ఉప్పే.

మరి ఉప్పును జరిపేదెవరు? ఇక్కడే సుబ్బారావు గారు వస్తారు.

మన రక్తంలో లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోళ్ల సోడియం ఉంటుంది. కణం లోపల పది, పదిహేను. పొటాషియం దీనికి తలకిందులు. లోపల 140 దాకా, బయట నాలుగైదు. (పొటాషియం పేరు ఈ సభకు కొత్త కాదు. సాత్తూరు, శివకాశి, కోవిల్‌పట్టి అగ్గిపుల్లల తల మందులో ఉండేది పొటాషియం క్లోరేటే.) వదిలేస్తే రెండూ అటూ ఇటూ కారి సమానమైపోవాలి. సమానమైతే నరం పలకదు, గుండె కొట్టుకోదు, కణం నీటితో ఉబ్బిపోతుంది. ఆ తేడాను కాపాడుతూ ఏదో ఒకటి నిరంతరం శ్రమపడుతూ ఉండాలి.

డెన్మార్క్‌లో యెన్స్ స్కూ పీత కాళ్ల నరాలను నూరి, అందులో కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును విరిచే ఒక ఎంజైమ్‌ను పట్టుకున్నారు. సోడియం, పొటాషియం రెండూ కలిసి ఉన్నప్పుడే అది జోరుగా పనిచేసింది. 1957లో అచ్చయిన ఆ పరిశీలనకు 1997లో నోబెల్ వచ్చింది. ఆ ఎంజైమే పంపు. ఒక్క ఏటీపీ అణువు ఖర్చు పెట్టి మూడు సోడియాలను బయటికి తోస్తుంది, రెండు పొటాషియాలను లోపలికి తెస్తుంది. మనం ఊరికే పడుకుని ఉన్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు ఐదో వంతు ఈ పంపుకే పోతుంది.

ఆ ఖర్చుకు వాడే నాణెం ఏటీపీ. దాన్ని కండలో మొదట గుర్తించినవాళ్లలో మన సుబ్బారావు ఒకరు. 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు ఎవరికి వారుగా దాన్ని కనుగొన్నారు. అంతకు నాలుగేళ్ల ముందు, 1925లో, ఫిస్కే, సుబ్బారావు ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి ప్రకటించారు. దాని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే దీన్ని చాలామంది చిన్న పనిగా దాటేస్తారు.

నమూనాలో ఆమ్లం, మాలిబ్డేట్ కలుపుతారు. ఫాస్ఫేట్ ఉంటే మాలిబ్డేట్‌తో కలుస్తుంది. ఆ పైన ఇంకో రసాయనం వేస్తే నీలం తేలుతుంది. ఫాస్ఫేట్ ఎంతుంటే నీలం అంత ముదురు. కండ నుంచి తీసిన ద్రవానికి ఈ పరీక్ష చేసినప్పుడు నీలం రావలసిన వేగంతో రాలేదు. ఆలస్యంగా, నిదానంగా ముదురుతూ పోయింది. తొందరపడేవాడైతే నాళిక సరిగ్గా కడగలేదని పారబోసేవాడు. వాళ్లిద్దరూ ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. పరీక్షలోని ఆమ్లానికి మెల్లగా విరిగిపోతూ ఫాస్ఫేట్‌ను విడిచే పదార్థమేదో కండలో ఉందని గ్రహించారు. 1927లో బయటపడిన ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్. ఏటీపీ కూడా అదే దారిలో దొరికింది. తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతా పొరల్లోని పంపులు ఎంత వేగంగా ఏటీపీని విరుస్తున్నాయో కొలవడానికి ఈ నీలాన్నే వాడారు. విరిగిన ప్రతి ఏటీపీ ఒక ఫాస్ఫేట్‌ను వదులుతుంది, ఆ ఫాస్ఫేట్ నీలంగా కనపడుతుంది. ప్రయోగశాలలో నాళికల వరస ముందు కూర్చుని, ఒకటి లేతగా, పక్కది ముదురుగా నీలమెక్కడం చూస్తుంటే కంటికి కనపడని పంపు పని చూస్తున్నట్టే ఉంటుంది. భీమవరం నుంచి వెళ్లినాయన ఈ చూపు మనకిచ్చారు.

లెడర్లీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందైంది. మన ఒళ్లు ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసుకోలేదు, ఆకుకూరల్లోంచీ పప్పుల్లోంచీ తెచ్చుకోవాలి. చిన్నపేగు పైభాగంలో దాన్ని లోపలికి తెచ్చే ప్రోటీన్ ఏదో 2006 దాకా తేలలేదు. పుట్టుకతోనే ఆ ప్రోటీన్ చెడిన పిల్లలకు నోటి ద్వారా ఎంత ఫోలిక్ ఆమ్లం ఇచ్చినా సరిగా అందదు. సుబ్బారావు బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని కొంచెం మార్చి అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు చేసింది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్, లుకేమియా పిల్లల్లో కొందరికి అమినాప్టెరిన్‌తో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని ప్రకటించారు. ఆ రోజుల్లో ఆ జబ్బుకు అసలు చికిత్సే లేదు. మెథోట్రెక్సేట్ కణంలోకి వెళ్లేది ఫోలేట్ల కోసం కణం పెట్టుకున్న ప్రోటీన్ ద్వారానే. రూపం దాదాపు ఒకటే కనుక ఆ ప్రోటీన్ దాన్ని రానిస్తుంది. లోపలికి వెళ్లాక కణం దానికి గ్లుటామేట్ తోక తగిలిస్తుంది, ఆ తోకతో అది మళ్లీ బయటికి రాలేదు. కొన్ని క్యాన్సర్ కణాలు ఈ ప్రోటీన్‌ను తగ్గించేసుకుని మందుకు లొంగకుండా తప్పించుకుంటాయి. అందుకే మందు మంచిదా కాదా అన్నదానితోపాటు, అది ఏ ప్రోటీన్ పట్టుకుని లోపలికి పోతుందన్నది కూడా వైద్యులు చూస్తారు.

ఇప్పుడు మీ చేనికి వస్తాను. కోవిల్‌పట్టి వ్యవసాయ పరిశోధనా కేంద్రం 1901 నుంచి మెట్ట సేద్యం మీద పనిచేస్తోంది. కరుంగణ్ణి పత్తి రకాలు ఇక్కడివే. మీ తాతలు ఏరిన పత్తి, మీరు కట్టుకున్న నూలు బట్ట, సుబ్బారావు గారి ఖద్దరు, వీటన్నిటిలోని ప్రతి పీచూ ఒకే ఒక్క కణం. ఈ మాట చెబితే రైతులే నమ్మరు. పువ్వు విచ్చిన రోజున, కాయలోని విత్తనం పైపొరలో సుమారు నాలుగో వంతు కణాలు పైకి పొడుచుకొస్తాయి. మూడు వారాల పాటు అవి పొడవుగా సాగుతూనే ఉంటాయి. మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం ఉన్న కణం దాదాపు అంగుళం దాకా వెళ్తుంది. మొక్కల్లో ఇంత పొడవు సాగే కణాలు అరుదు.

ఆ సాగే బలమంతా నీటిదే. నీటిని రప్పించే పని పొరది. పీచు కణం పొర ఏటీపీ ఖర్చుపెట్టి ప్రోటాన్లను బయటికి తోస్తుంది. దాంతో లోపల రుణ విద్యుదావేశం పెరిగి, పొటాషియం తనకున్న దారుల్లోంచి లోపలికి వస్తుంది. దానికి జోడీగా కణం మాలేట్ అనే ఆమ్లాన్ని తయారు చేసుకుంటుంది. చక్కెరలు కూడా చేరతాయి. ఇవన్నీ కణం నడుమనున్న రిక్తిక అనే పెద్ద సంచిలో పోగవుతాయి, నీరు వాటి వెంట వస్తుంది. లోపలి ఒత్తిడికి ఇంకా గట్టిపడని మెత్తని గోడ సాగుతుంది. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో అమెరికన్ పత్తి రకంలో ఇంకో వింత కనపడింది. మొక్కల కణాలకు పక్క కణాలతో కలిపే సన్నని దారులుంటాయి. పీచు జోరుగా సాగే రోజుల్లో, పువ్వు విచ్చిన పదో రోజు ప్రాంతంలో, ఆ దారులు మూసుకుపోతాయి. కొన్ని రోజుల తర్వాత మళ్లీ తెరుచుకుంటాయి. మూసుకున్నప్పుడు లోపల పోగైన ఉప్పూ చక్కెరా పక్కకు కారవు, ఒత్తిడి నిలుస్తుంది. పొరలోని రవాణా ప్రోటీన్లు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే ఎక్కువవుతాయి.

అందుకే పొటాషియం కొరత ఉన్న చేలో పీచు పొట్టిగా వస్తుంది. కాయ కాసే దశలో వాన ముఖం చాటేసినా అంతే. నల్లరేగడి బంకమట్టి నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. నేల ఎండేకొద్దీ వేరు తనలో పదార్థాలు పోగుచేసుకుంటేనే ఆ నీటిని ఇటు లాగగలదు. లాగలేనప్పుడు మొక్క ముందు సాగడం ఆపేస్తుంది, తర్వాత పిందె రాలుస్తుంది. పత్తి బేరంలో పీచు పొడవు చూసి ధర కట్టేవాళ్లు, ఆ మూడు వారాల్లో ఆ పొర పడిన పాటుకే ధర కడుతున్నారు.

మళ్లీ పేగులోకి వద్దాం. నేను ఇవాళ ఇక్కడికి వచ్చింది ముఖ్యంగా ఈ మాట చెప్పడానికే.

మనం తాగే నీళ్లు, ఊరే లాలాజలం, పిత్తం, జీర్ణరసాలు అన్నీ కలిపి రోజుకు 8, 9 లీటర్ల ద్రవం చిన్నపేగులోకి చేరుతుంది. మలంలో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు. మిగతాదంతా పేగు కణాలు వెనక్కి తీసుకుంటాయి. ఎలా? 1960 ఆగస్టులో ప్రాగ్‌లో జరిగిన సభలో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఒక ఊహ ముందుంచారు. పేగు కణం పొరలోని ప్రోటీన్ సోడియాన్నీ గ్లూకోజునూ జంటగానే లోపలికి తీసుకుంటుంది, ఒకటి లేకుండా రెండోది రాదు అన్నారు. అది నిజమని తేలింది. రెండు సోడియాలు, ఒక గ్లూకోజు. కణానికి అవతలి పక్క స్కూ పంపు సోడియాన్ని తోడేస్తూ ఉంటుంది కనుక లోపల సోడియం ఎప్పుడూ తక్కువే, బయటి సోడియం లోపలికి ఉరుకుతూ ఉంటుంది. ఆ ఉరుకు గ్లూకోజును కూడా లాక్కొస్తుంది. ఒకప్పటి మీ కపిల బావుల్లో ఎద్దులు కష్టపడి తొట్టి నింపేవి, తర్వాత మడవ తీస్తే నీరు తనంతట పారి చేను తడిపేది. ఇక్కడా ఏటీపీ ఖర్చు పంపు దగ్గరే, గ్లూకోజు పనంతా ఆ పారకంలోనే అయిపోతుంది. సోడియం, గ్లూకోజు లోపలికి చేరాక నీరు వాటి వెంట చేరుతుంది.

కలరాలో ఏమవుతుందో చూడండి. కలరా క్రిమి విడిచే విషాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించారు. ఆ విషం పేగు కణంలోని క్లోరైడ్ దారిని తెరిచి అలాగే ఉంచేస్తుంది. క్లోరైడ్ పేగులోకి కారిపోతుంది, సోడియం దాని వెంట, నీరు రెంటి వెంట. గంటకు లీటరు దాకా కూడా పోవచ్చు. మనిషి ఒక్క పూటలో చనిపోవచ్చు. కానీ ఆ విషం సోడియం, గ్లూకోజుల జంట దారిని ముట్టుకోదు. అది ఆ సమయంలోనూ పనిచేస్తూనే ఉంటుంది. ఉట్టి నీళ్లు తాగిస్తే అవి ఒంట్లోకి చాలినంత చేరవు. ఉట్టి ఉప్పునీళ్లు కూడా అంతే. ఉప్పు, గ్లూకోజు తగిన పాళ్లలో కలిపితే నీరు లోపలికి నడుస్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు పోటెత్తిన బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, తినే సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి, బంధువుల చేతే రోగులకు తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు నూటికి నాలుగు కన్నా తక్కువకు దిగాయి. పొరలోని ఒక ప్రోటీన్ గుట్టు తెలిసినందుకు అన్ని ప్రాణాలు నిలిచాయి. 

ఆ నీళ్లకు ఇప్పటి రూపమైన ఓఆర్‌ఎస్ పొట్లంలో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు. పొట్లం మీద ఎంత నీళ్లు కలపమని రాసి ఉందో కచ్చితంగా అంతే కలపండి. చిక్కగా ఉంటే బలమని తక్కువ నీళ్లలో కలపొద్దు. కొట్లో దొరికే తియ్యటి సోడాలు, పళ్లరసాల సీసాలు విరేచనాలప్పుడు ఇవ్వొద్దు. పేగులో చక్కెర మరీ ఎక్కువైతే నీరు ఒంట్లోంచి పేగులోకి వస్తుంది, విరేచనాలు పెరుగుతాయి. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో అంచుకు సమంగా తీసిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు వేసిన పల్చని బియ్యం గంజి కూడా మంచిదే. అందులోని పిండి పదార్థం పేగులో కొద్దికొద్దిగా గ్లూకోజుగా మారుతూ సోడియానికి జోడీ అందిస్తుంది. తల్లిపాలు తాగే బిడ్డకు పాలు ఆపొద్దు. ఆరు నెలలు దాటిన పిల్లలకు డాక్టరును అడిగి రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు ఇప్పించండి, విరేచనాలు తగ్గినా 10 నుంచి 14 రోజులు పూర్తిగా వేయాలి. బిడ్డ వాంతి చేసుకుంటే మానేయకండి. పది నిమిషాలు ఆగి, ఈసారి ఇంకా నిదానంగా, చెంచాతో పట్టండి. కళ్లు లోతుకు పోయినా, మూత్రం ఆగిపోయినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం కనపడినా ఇంట్లో ఉంచొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, దారిలో కూడా చెంచాతో పడుతూనే ఉండండి.